పాత క్యాసెట్టు – కొత్త కుదింపు

అమ్మమ్మ పాడిన మంగళహారతి, తాతగారు రాగయుక్తంగా చదివిన పద్యాలు, ఏనాటిదో ఒక ఉగాది సభలోని కచేరీ... ఇటువంటి క్యాసెట్లు ప్రవాసాంధ్రుల ఇళ్ళలో ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించబూనిన వారికి మొదట ఎదురయ్యే సందేహం, ఏ ఎన్‌కోడరు మేలన్నది.

ఎం.పి.3 పద్ధతి చెవికి పట్టదనుకున్న భాగాన్ని పారవేస్తుంది, పోయినది తిరిగిరాదు. నష్టరహిత కుదింపు అలా కాదు. గడచిన ధ్వని నమూనాలను బట్టి రాబోయే నమూనాను ఊహించి, ఊహకూ వాస్తవానికీ గల తేడాను మాత్రమే క్లుప్తంగా రాసుకుంటుంది. విప్పినప్పుడు ఒక్క బిట్టయినా మారదు. 1994లో టోనీ రాబిన్సన్ వివరించిన షార్టెన్, 2001లో జాష్ కోల్సన్ 1.0 రూపాన్ని విడుదల చేసిన ఫ్లాక్ ఈ కోవలోవే. మంకీస్ ఆడియో, ఆప్టిమ్‌ఫ్రాగ్ మరింత శ్రమపడి ఊహిస్తాయి. కనుక మరింత కుదిస్తాయి.

ఆ లాభమెంత? సి.డి. ప్రమాణంలో గంట సంగీతం 635 మెగాబైట్లు. వంద గంటలకు 63 గిగాబైట్ల పైచిలుకు. ఫ్లాక్ కన్నా ఇవి మూల పరిమాణంలో మూడు శాతం అదనంగా మిగిల్చినా, మొత్తం ఆదా రెండు గిగాబైట్లకు మించదు. దానికి చెల్లించే మూల్యం కాలం. ఫ్లాక్‌లో 0 నుండి 8 వరకు మెట్లున్నాయి. ఏ మెట్టున కుదించినా విప్పడం ఇంచుమించు ఒకే వేగంతో, అతి తేలికగా సాగుతుంది. మంకీస్ ఆడియోకు కుదించడంలో ఎంత శ్రమో, విన్న ప్రతిసారీ విప్పడంలోనూ దాదాపు అంతే శ్రమ. కుదించేది ఒక్కసారి, వినేది పలుమార్లు అయినప్పుడు ఈ బేరం గిట్టుబాటు కాదు.

నిజానికి క్యాసెట్టు విషయంలో అసలు శత్రువు టేపు బుస. అందులో క్రమమేదీ లేదు గనుక ఎంతటి ఎన్‌కోడరైనా దాన్ని ఊహించలేదు. పాట కన్నా బుసకే ఎక్కువ బిట్లు ఖర్చయ్యే సందర్భాలున్నాయి. ఒకే మైకుతో రికార్డు చేసిన పాటను రెండు ఛానెళ్ళలో ఎక్కిస్తే రెండింటా వేర్వేరు బుస చేరుతుంది. టేపురికార్డరు హెడ్డును సరిగా అమర్చి, రెంటినీ కలిపి ఒకే ఛానెలుగా భద్రపరిస్తే, ఏ ఎన్‌కోడరూ పని మొదలుపెట్టకముందే పరిమాణం సగమవుతుంది. ఆ సగం ముందు ఎన్‌కోడర్ల మూడు శాతం పోటీ ఏపాటిది?

ముప్పై ఏళ్ళ తరువాత మనవరాలు ఆ ఫైలును తెరవగలగాలి. ఫ్లాక్ నిర్మాణ వివరాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, 2024లో ఐ.ఇ.టి.ఎఫ్. దాన్ని ప్రమాణపత్రంగా ప్రచురించింది. ఆప్టిమ్‌ఫ్రాగ్ మూల ప్రోగ్రాము బహిరంగం కాదు. పైగా ఫ్లాక్ ఫైలులో మూలధ్వనికి సంబంధించిన ఎం.డి.5 ముద్రను పొందుపరచే వీలుంది. ఫైలు చెడిందో లేదో దానితో పోల్చి తెలుసుకోవచ్చు. బుసను తొలగించాలనే ఉబలాటం ఉన్నవారు ఆ ప్రయోగమేదో నకలు మీద చేసుకోవాలి. అమ్మమ్మ ఊపిరి తీసుకున్న చప్పుడునూ బుసనూ వేరుచేయడం ప్రోగ్రాములకు ప్రతిసారీ సాధ్యపడదు.