ఆకాశరామన్న స్వైరవిహారము

ఆకాశరామన్న యుత్తరము మన దేశమునకు క్రొత్తది కాదు. పేరు చెప్పుకొన గుండె లేనివాడు పరుల గౌరవమును బజారున బెట్టుటకు ఎన్నుకొనిన పాత మార్గమది. కాని నాడు ఆ యుత్తరము ఒక్క యింటికే చేరెడిది. చించి పొయ్యిలో వేసినచో దాని యాయువు తీరెడిది. నేడన్ననో అంతర్జాలమున నది గడియలో లక్షల కన్నుల బడుచున్నది. ఒక స్త్రీ ధైర్యముగా నొక యభిప్రాయము ప్రకటించినచో ప్రతివాదము రాదు. శీలముపై బురద వచ్చును, ప్రాణములకు బెదరింపు వచ్చును.

దీనికి మందేమి? అందఱును నిజనామముతోనే వ్రాయవలెనని కొంద ఱనుచున్నారు. దక్షిణ కొరియా 2007లో ఆ మందు త్రాగి చూచినది. 2011లో ఆ దేశమున సుమారు 3.5 కోట్ల ఖాతాల వివరములు దొంగల పాలయ్యెను. దుర్వ్రాతలు తగ్గిన జాడ లేదని చెప్పి రాజ్యాంగ న్యాయస్థానము 2012లో ఆ శాసనమును ఏకగ్రీవముగా కొట్టివేసెను. మఱికొందఱు పోలీసు లాఠీని కోరుచున్నారు. మన 66-ఎ సెక్షను కథ మఱచిరా? ఒక నాయకుని మరణానంతరము జరిగిన బందును ప్రశ్నించిన నేరమునకు 2012లో ఇద్దఱు యువతులను నిర్బంధించినది ఆ సెక్షను క్రిందనే. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దానిని రద్దు చేసెను. బెదరించినవానికి శిక్ష పడవలసినదే. కాని మాఱుపేరు మాత్రమే నేరము కాదు. పై యధికారి లంచమును బయటపెట్టు గుమాస్తాకు అదియే కవచము.

దోషము ముసుగుది కాదు, ద్వారపాలకునిది. పత్రికాకార్యాలయమునకును ఉత్తరములు వచ్చును. సంపాదకుడు చదువును, విమర్శను అచ్చువేయును, దూషణను బుట్టలో వేయును. 1867 నాటి శాసనము పత్రికపై ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు ఉండితీరవలెనని విధించెను. అచ్చయినదానికి వారు బాధ్యులు. ఈ నూతన వేదికల యజమానులో, "అరుగు మాది, మాటలు మావి కావు" అని తప్పుకొనుచున్నారు. లక్షల వ్రాతలు చదువుట యెట్లందురా? ఆ లక్షల వ్రాతల ప్రక్క ప్రకటనలు వేసి సొమ్ము లెక్కించుటకు తీరిక యెట్లు చిక్కినది?

మేము కోరునది స్వల్పము. తెలుగువారి వలన లాభము పొందువారు తెలుగు చదువగల మనుష్యులను చాలినందఱిని నియమింపవలెను. తెలుగు తిట్టులోని విషము యంత్రమునకేమి తెలియును? అభిప్రాయమును ఎంత కటువైనను ఉంచవలెను. వ్యక్తిపై దాడిని వెంటనే తొలగింపవలెను. తొలగించినప్పుడు కారణము చెప్పవలెను, మరల విన్నవించుకొన తావియ్యవలెను. చదువరులకును ఒక్క మాట: ఆకాశరామన్న వ్రాతను నవ్వుచు నలుగురికి పంపువాడు వానికి తపాలా బంట్రోతే యగుచున్నాడు. ఆ కొలువు మానినచో సగము పీడ నేడే వదలును.