గోలకొండ మెట్లకడ నిలిచినవారు

గోలకొండకోట ద్వారముకడ చఱచిన చప్పట్లు కొండపైనున్న బాలాహిస్సారునందు వినబడునని చూడవచ్చినవారు అచ్చెరువందుదురు. నడువలేని వృద్ధులును, చక్రములకుర్చీలోనివారును మెట్లున్న చోటనెల్ల నిలిచిపోవుచున్నారు. వారి మొఱ మాత్రము అధికారుల చెవిదాక పోదు. మార్పు చేసినచో కట్టడముల ప్రాచీనత చెడునని కొందఱందురు. రాత్రి ప్రదర్శనమునకై విద్యుద్దీపములు నిలిపినప్పుడు చెడని ప్రాచీనత, మరల తీసివేయదగిన కొయ్య వాలుబాట వేసినంతనే చెడునా? కొండయెల్ల నెక్కింపుడని మేము కోరము; క్రిందనున్న తోటలు, మందిరములైనను అందఱకు అందునట్లు చేయుడనుచున్నాము. ఇది దయాధర్మము కాదు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము మనపై మోపిన ఋణము. హక్కునిచ్చి మెట్లకడ విడుచుట, విందునకు పిలిచి తలుపు మూయుటయే. చదువరులారా, ఇంటిపెద్దలను క్రింద కూర్చుండబెట్టి మనము మాత్రమే కొండయెక్కి వచ్చిన దినము లేదా?