దానమా? ఋణమా?

దిల్‌సుఖ్‌నగర్ నుండి లాల్ బహదూర్ నగరమునకు పోవు మెట్రో రైలు, చైతన్యపురి దాటిన పిమ్మట విక్టోరియా మెమోరియల్ అను స్టేషనున నిలుచును. 2018 నుండి ఆ త్రోవను పోవు జను లందఱును ఈ పేరు వినుచునే యున్నారు. ఆ పేరుగల భవనము సరూర్‌నగరమున ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ నగరు. 1901లో విక్టోరియా రాణి మరణించిన తరువాత, ఆమె స్మారకముగా దానిని అనాథబాలల ఆశ్రమమునకై యిచ్చివేసిరి.

ప్రభువుల దాతృత్వ మెంతటిదో యని మనవారిలో పెక్కురు నేటికిని పరవశించుచుందురు. వారిని మే మొక్కమాట అడుగుదుము: ఆ వంశమునకు ధన మెక్కడిది? హైదరాబాదును చుట్టియుండిన అత్రాఫె బల్దా జిల్లా సర్ఫెఖాస్ భూమి. అనగా, అచ్చటి శిస్తు రాజ్యపు బొక్కసమునకు గాక నిజాముగారి సొంత ఖజానాకు చేరెడిది. 1949లో గాని ఈ యేర్పాటు తొలగలేదు. దున్నినవాడు కట్టిన శిస్తులో కొంత వాని బిడ్డల వంటి దిక్కులేని బిడ్డలకు తిరిగి వచ్చినచో, అది ఋణము తీర్చుట. దానికి దానమని పేరు పెట్టుటచే అప్పిచ్చినవాని పేరు మఱుగుపడినది.

పుచ్చుకొని యేమియు నీయని రాజులకంటె వీరు మేలు గదా యందురు. ఒప్పుకొందుము. కాని దాత తనకు నచ్చినదే యిచ్చును. రాజ్యప్రజలలో దాదాపు సగము మంది తెలుగువారై యుండగా, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. ఉర్దూతో మాకు వైరము లేదు. అది మన యిరుగుపొరుగుల మధురభాష. అయినను తెలుగుబిడ్డకు తెలుగున చదువు దయగా లభింపలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయమును నెలకొల్పిన పెద్దలు దయకై వేచియుండలేదు.

మఱికొందఱు ఆ రాజవంశపు గుర్తులన్నియు చెఱిపివేయవలె నందురు. ఆ యిటుకలు రైతు సొమ్మైనప్పుడు వానిని కూల్చిన నష్టమెవరికి? గజము భూమికై మనుష్యులు కొట్లాడు ఆ రాజమార్గమున, ఆ యావరణము ఏ కార్యాలయమునకును, ఏ వ్యాపారమునకును పోక బాలలదిగానే నిలువవలెను. ఇది మనము ప్రభుత్వమును వేడుకొనవలసినది కాదు, అడుగవలసినది. ఆ గోడపై రాణి పేరును రాజు పేరును ఉండనిండు. వాని క్రింద శిస్తు కట్టిన పల్లెల మాటయు ఒక పంక్తి వ్రాయుడు. ఆ పంక్తిని చదివిన బాలుడు తాను ఒకరి దయచే బ్రదుకుచున్నాననుకొని తల వంచుకొనడు.