నంద్యాల, ఆళ్లగడ్డ: అభ్యర్థుల హామీల్లో ఎమ్మెల్యే చేతిలో ఉన్నవెన్ని?

నంద్యాల, ఆళ్లగడ్డ రాజకీయం అనగానే ముందు వినిపించేవి ఇంటిపేర్లే. భూమా, గంగుల, శిల్పా... ఎవరు ఏ పార్టీలో చేరారు, టికెట్ ఎవరికి దక్కింది అనే లెక్కలతోనే చర్చ ముగిసిపోతుంది. మరి ఇక్కడి సమస్యలపై అభ్యర్థులు ఏం చెప్పారు? అందులో ఎంత జరిగింది?

ఉప ఎన్నిక ఏం చెప్పింది?

భూమా నాగిరెడ్డి మరణంతో 2017 ఆగస్టు 23న నంద్యాలలో ఉప ఎన్నిక జరిగింది. టీడీపీ నుంచి భూమా బ్రహ్మానందరెడ్డి, వైసీపీ నుంచి శిల్పా మోహన్ రెడ్డి బరిలో దిగారు. రోడ్ల విస్తరణ, పేదలకు ఇళ్లు చూపించి అధికార పార్టీ ఓటు అడిగింది. తాము అధికారంలోకి వస్తే నంద్యాలను జిల్లా చేస్తామని జగన్ హామీ ఇచ్చారు. పోలింగ్ 79 శాతం దాటింది. టీడీపీ 27,466 ఓట్ల మెజారిటీతో గెలిచింది.

పనులే గెలిపించాయని అప్పట్లో ఆ పార్టీ చెప్పుకుంది. కానీ రెండేళ్లు తిరక్కుండానే, 2019లో అదే బ్రహ్మానందరెడ్డి శిల్పా రవిచంద్ర కిశోర్ రెడ్డి చేతిలో 30 వేలకు పైగా తేడాతో ఓడిపోయారు. ఆళ్లగడ్డలో భూమా అఖిలప్రియ కూడా గంగుల బ్రిజేంద్రారెడ్డి చేతిలో ఓడారు.

జిల్లా హామీ 2022 ఏప్రిల్ 4న నెరవేరింది. 2023 సెప్టెంబర్‌లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. అయినా 2024లో వైసీపీకి రెండు చోట్లా ఓటమే. నంద్యాలలో ఎన్ఎండీ ఫరూక్, ఆళ్లగడ్డలో అఖిలప్రియ గెలిచారు. ఇద్దరి మెజారిటీ 12 వేల చిల్లరే.

రాష్ట్రమంతా వీచిన గాలి ప్రభావం రెండుసార్లూ ఉంది, కాదనలేం. కానీ రోడ్లు వేసినా, జిల్లా ఇచ్చినా ఓటరు ఏ పార్టీకీ కట్టుబడి ఉండలేదన్నది కూడా నిజం.

నీళ్లకు తాళం ఎక్కడుంది?

ప్రతి ఎన్నికలోనూ వినిపించే హామీ ఒకటుంది. చివరి ఎకరాకూ నీళ్లు! ఇక్కడే అసలు చిక్కు. కేసీ కెనాల్ కింద కర్నూలు, కడప ఉమ్మడి జిల్లాల్లో 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కేటాయింపు 39.9 టీఎంసీలు. కాలువ మొదలయ్యే సుంకేసుల బ్యారేజీలో నిల్వ ఉండేది 1.2 టీఎంసీలు మాత్రమే. తుంగభద్రలో వరద ఉన్నన్నాళ్లు సరే, తగ్గితే ఆయకట్టు చివరి రైతుకే మొదటి దెబ్బ. 2024 ఆగస్టు 10న తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతులూ ఆందోళన పడింది అందుకే.

దీనికి మందుగా గుండ్రేవుల జలాశయం పేరు ఏళ్లుగా వినిపిస్తోంది. అది కట్టాల్సింది ఈ రెండు నియోజకవర్గాల బయట. ముంపు సరిహద్దు అవతల కూడా ఉంటుంది కాబట్టి పొరుగు రాష్ట్రంతో మాట్లాడాలి. తెలుగుగంగకు నీళ్లు పోతిరెడ్డిపాడు, బానకచర్ల మీదుగా రావాలి. అది శ్రీశైలం నీటిమట్టం మీద ఆధారపడిన వ్యవహారం. ఇవేవీ ఎమ్మెల్యే సంతకంతో తేలేవి కావు.

మరి ఎమ్మెల్యేని అడగాల్సిందేంటి?

చేతిలో ఉన్న పనులూ తక్కువేం కాదు. జలాశయాల్లో ఉన్న నీటిని ఎవరికి ఎంత ఇవ్వాలో చర్చించే సాగునీటి సలహా మండలి సమావేశంలో ఎమ్మెల్యే మాట్లాడొచ్చు. నీళ్లు వదలక ముందే కాలువల్లో పూడిక, కంప తీయించొచ్చు. 2024 డిసెంబర్‌లో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి, వాటితో కలిసి వంతులవారీగా నీళ్లు అందేలా చూడొచ్చు.

నంద్యాల పట్టణంలోనూ అంతే. కుందూ నది, మద్దిలేరు, చామకాలువ పొంగితే లోతట్టు కాలనీలకు ముప్పు. 2019 సెప్టెంబర్ వానలకు పక్కనే ఉన్న మహానంది ఆలయంలోకే నీళ్లొచ్చాయి. వాగుల్లో ఆక్రమణలు తొలగించాలన్నా, మురుగు కాలువలు బాగు చేయాలన్నా దిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. కాకపోతే ఆక్రమణల జోలికి వెళ్తే ఓట్లు పోతాయన్న భయం అన్ని పార్టీలకూ ఉంది.

గుండ్రేవుల గురించి అభ్యర్థి చెబితే, నిధులెక్కడివి, పొరుగు రాష్ట్రంతో ఒప్పందం ఎప్పుడు అని అడగాలి. పూడిక, వాగులు, మురుగు కాలువల గురించి చెబితే ఏ నెలకి పూర్తవుతుందో తేదీ అడగాలి. ఈ రెండు నియోజకవర్గాల ఓటర్లు ఇప్పటికే పార్టీలను మార్చి చూశారు. ఇక మార్చాల్సింది అడిగే ప్రశ్నలనే.