కోలన్ మరిచిపోతే ఫైలు కదలదు

ప్రశ్న: మా షాపులో పాత విండోస్ 10 కంప్యూటర్ ఉన్నది. కొత్తగా ఉబుంటు ల్యాప్‌టాప్ తీసుకున్న. మా నాయనమ్మ పాటలు పాడిన వీడియోలన్నీ కలిపి ఒక్క జిప్ చేస్తే 9 జీబీ అయింది. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేస్తే ‘ఫైల్ చాలా పెద్దది’ అంటున్నది. నాయనమ్మ ఇప్పుడు లేదు. పాత కంప్యూటర్ ఫార్మాట్ చేసి అమ్మాలె. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకుడు, కంగ్టి

జవాబు: ముందు ఒక మాట. నేను చెప్పిందంతా అయ్యేదాకా ఆ కంప్యూటర్ అమ్మకండి.

మీ పెన్‌డ్రైవ్‌లో చోటు ఉంది, తప్పు దాని ఫార్మాట్‌ది. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్ లేకుండానే పని చేద్దాం.

రెండింటినీ ఒకే ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. ఫైలు నేరుగా వెళ్తుంది కాబట్టి మీ నెట్ డేటా ఖర్చు కాదు. ఉబుంటులో ‘ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్’ ఇన్‌స్టాల్ చేయండి. దీనికి మాత్రం నెట్ కావాలి. తర్వాత టెర్మినల్‌లో హోస్ట్‌నేమ్, ఖాళీ, హైఫన్, పెద్ద ఐ కొడితే ల్యాప్‌టాప్ అంకెల అడ్రస్ కనిపిస్తుంది. రాసి పెట్టుకోండి.

విండోస్ 10లో 2018 నుంచి ఎస్‌సీపీ అనే కమాండ్ ఉంటోంది. జిప్ ఉన్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఎస్‌సీపీ కొట్టండి. ఖాళీ, జిప్ పేరు, మళ్లీ ఖాళీ. ఆపైన ఖాళీ లేకుండా ఉబుంటు యూజర్ పేరు, @ గుర్తు, అంకెల అడ్రస్, చివర కోలన్. మొదటిసారి ‘నమ్మొచ్చా’ అని అడుగుతుంది. ‘ఎస్’ అని పూర్తిగా కొట్టండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెరమీద ఏమీ కనబడదు. కీబోర్డు పాడైందనుకోకండి.

ఆ కోలన్ దగ్గర జాగ్రత్త! అది లేకపోతే కమాండ్ తప్పని చెప్పదు. అదే కంప్యూటర్‌లో, ఆ అడ్రస్ పేరుతోనే ఇంకో కాపీ తయారవుతుంది. పని అయిపోయిందనుకొని ఫార్మాట్ చేస్తే రెండు కాపీలూ పోతాయి.

అందుకే సరిచూడాలి. విండోస్‌లో సెర్ట్‌యుటిల్, ఖాళీ, హైఫన్ హ్యాష్‌ఫైల్, ఖాళీ, జిప్ పేరు, ఖాళీ, ఎస్‌హెచ్ఏ256 కొట్టండి. ఉబుంటులో ఎస్‌హెచ్ఏ256సమ్, ఖాళీ, జిప్ పేరు. రెండుచోట్లా 64 అక్షరాల వరుస వస్తుంది. అది అచ్చంగా ఒకటే అయితే ఫైలు చెక్కుచెదరకుండా చేరినట్టు. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ పంపండి. మధ్యలో కరెంటు పోయినా అంతే, ఎస్‌సీపీ మొదటి నుంచీ మొదలుపెడుతుంది.

ఇంకో కాపీ వేరే డిస్క్‌లో పెట్టండి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో జిప్ విప్పి ఒక వీడియో పెట్టండి. నాయనమ్మ గొంతు వినబడ్డాకే ఫార్మాట్ మాట!