డీఎల్‌ఐ జాబితాలో ఉంటే సరిపోదు

సంపాదకులకు,

కెనడా ప్రైవేటు యూనివర్సిటీలపై గత ఆదివారం వేసిన వ్యాసంలో ‘డీఎల్‌ఐ జాబితాలో పేరుంటే చాలు, చదువయ్యాక వర్క్ పర్మిట్ ఖాయం’ అన్నారు. అది తప్పు. ఒక సంస్థకు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉందని మాత్రమే ఆ జాబితా చెబుతుంది. పర్మిట్ సంగతి వేరు. ప్రైవేటు సంస్థల్లో అయితే చాలావరకు, ప్రావిన్స్ ప్రభుత్వం ఆమోదించిన డిగ్రీ కోర్సు చదివినవాళ్లకే ఆ అర్హత. అదే క్యాంపస్‌లో డిప్లొమా చదివితే సాధారణంగా రాదు. ప్రభుత్వ కాలేజీ సిలబస్‌ను ప్రైవేటు కాలేజీ చెప్పే ఒప్పందపు కోర్సుల్లో 2024 మే 15 నుంచి చేరినవాళ్లకూ ఇవ్వడం లేదు.

మా అబ్బాయికి కన్సల్టెన్సీ వాళ్లు తెచ్చిన ఆఫర్ లెటర్‌లో యూనివర్సిటీ పేరు పెద్దక్షరాల్లో ఉంది. ‘డిప్లొమా’ అన్న మాట కింద మూడో వరుసలో సన్నగా ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చే తల్లిదండ్రులు చూడాల్సింది ఆ వరుసనే.

పార్ట్‌టైమ్ జీతంతో ఫీజు వెళ్లిపోతుందని అదే వ్యాసంలో అన్న మాట ఇంకా ప్రమాదకరం. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలకు మించి పనిచేయకూడదు. ఫీజు, ప్రయాణ ఖర్చులు కాక, ఒక్కరి జీవన ఖర్చులకే 22,895 కెనడా డాలర్లు చూపించాలని 2025 సెప్టెంబరు 1 నుంచి కెనడాయే అడుగుతోంది (క్యూబెక్ లెక్క వేరు).

జనవరి అడ్మిషన్లకు ఫీజులు కట్టేలోపే దయచేసి సవరణ ప్రచురించండి.

— ఒక విద్యార్థి తండ్రి, ఖమ్మం