రికార్డులో ఆ తాత పేరు ‘లేబర్ – 1’

పోస్టు పెద్దదే. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

నేను ఫారెస్ట్రీ డిగ్రీ మూడో సంవత్సరం. మాది గోదావరి ఒడ్డు కోయ గూడెం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే.

ఎండాకాలంలో మమ్మల్ని ఫీల్డ్ ట్రైనింగ్‌కి తీసుకెళ్లారు. పది మీటర్లకు పది మీటర్లు తాడు కట్టి క్వాడ్రాట్ వేశాం. అందులో ఉన్న ప్రతి చెట్టునూ గుర్తుపట్టి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి కొలత రాయాలి. కొలతలు బాగానే వచ్చాయి. పేర్ల దగ్గరే ఆగిపోయాం. సగం చెట్లకు ఆకు లేదు. ఆకు లేని చెట్టును పుస్తకం చూసి గుర్తుపట్టడం మాలో ఎవరివల్లా కాలేదు.

అప్పుడు పక్క గూడెం నుంచి ఒక తాతను పిలిపించారు, రోజు కూలికి. ఆయన బెరడు చూసి కొన్ని చెప్పాడు. గోటితో గీకి, వాసన చూసి ఇంకొన్ని చెప్పాడు. ఇది నల్లమద్ది, ఇది తునికి, ఇది తపసి, జిగురు కోసం ఎక్కువ లోతు కొడితే చచ్చిపోతది, అని కూడా చెప్పాడు. మేం ఆ పేర్ల పక్కన లాటిన్ పేర్లు వెతికి రికార్డు నింపాం. అందరికీ మార్కులొచ్చాయి. ఖర్చుల కాగితంలో మాత్రం ఆ తాత ఎక్కిన తీరు ఇది: ‘లేబర్ – 1’.

ఇంకో మాట ఉంది. ఆ తాత నన్ను చూసి ‘మీది ఏ ఊరు బిడ్డా’ అని కోయలో అడిగాడు. నేను తెలుగులో జవాబిచ్చాను. పక్కన బ్యాచ్ వాళ్లు వింటున్నారని. కాగితం రాసినవాళ్ల మీద కోపపడే ముందు నేను ఈ తప్పు ఒప్పుకోవాలి.

ఇది ఒక కాలేజీ సంగతి కాదు, ఈ చదువు పుట్టుకే అట్లాంటిది. 1878లో బ్రిటిష్ వాళ్లు అడవిని సర్కారు ఆస్తి చేసే చట్టం తెచ్చారు. డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ స్కూల్ పెట్టింది కూడా అదే ఏడాది. అడవిలో ఉన్నవాణ్ని బయటికి నెట్టే చట్టం ఒకటి, నెట్టేవాణ్ని తయారుచేసే బడి ఒకటి. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన్యంలో పోడుకు, కట్టెపుల్లకు కూడా ఆంక్షలొచ్చాయి. ఆ మంట 1922లో తిరుగుబాటు అయింది. కొమురం భీం జోడేఘాట్‌లో ఎందుకు ప్రాణం ఇచ్చాడో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు చట్టం మారింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(i) ప్రకారం, ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన సామూహిక అడవిని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు ఊరిదే. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం నిర్వహణ ప్రణాళిక తయారుచేసేది గ్రామసభ వేసుకున్న కమిటీ. అంటే ‘ఫారెస్ట్ మేనేజ్‌మెంట్’ అనే పని చట్టప్రకారం గూడేనికీ వచ్చింది. మరి మా క్లాసులో? ఈ చట్టం రెండు మార్కుల ప్రశ్న. మన మేకలు, మన పొయ్యికట్టెలు, మన పోడు అన్నీ కలిపి ‘బయోటిక్ ప్రెషర్’ అనే ఒక్క మాట. జామాయిల్ ఎన్నేళ్లకు కొట్టాలో పేజీలకు పేజీలు. ఇప్పచెట్టుకు ఒక పేరా.

‘సైన్స్ లేకుండా అడవి నిలుస్తదా? మనోళ్లు కొట్టట్లేదా?’ అని ఒక సీనియర్ అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద నిప్పు పెడతాం. ఆ నిప్పుకు ఇప్ప మొలకలే మాడిపోతాయి. రేపు పువ్వు ఎక్కడి నుంచి వస్తది? తునికాకు కోసం తగలబెట్టే బదులు మోడు కొడితే మంచి ఆకు వస్తదని నేను నేర్చుకున్నది క్లాసులోనే. సైన్స్ కావాలి అన్నా, తప్పకుండా కావాలి. ప్రణాళిక మనం రాయలేకపోతే బయటివాడు వచ్చి రాస్తాడు, కింద మన పెద్దల వేలిముద్ర తీసుకుంటాడు. అందుకే ఈ చదువు మనం వదలొద్దు. కానీ నేర్చుకోవడం ఒకవైపు నుంచే ఎందుకు ఉండాలి?

గడ్చిరోలిలో మన గోండు బంధువుల ఊరు మెండా లేఖా ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు సాధించింది. 2011 నుంచి గ్రామసభే తన వెదురు తాను అమ్ముకుంటోంది. ఫీల్డ్ ట్రైనింగ్‌కి అట్లాంటి ఊరికి ఎందుకు తీసుకెళ్లరు?

నేను అడిగేది నాలుగే. ఒకటి, ట్రైనింగ్‌లో కనీసం ఒక నెల సామూహిక హక్కు వచ్చిన ఊళ్లో, గ్రామసభ కింద చేయాలి. రెండు, చెట్లు చెప్పే పెద్దలకు కూలి కాదు, పాఠం చెప్పినందుకు గౌరవ వేతనం ఇవ్వాలి, రికార్డులో పేరు రాయాలి. మూడు, లాటిన్ పేరు పక్కన కోయ, గోండి, తెలుగు పేర్లకు గడి ఉండాలి, దానికీ మార్కులుండాలి. నాలుగు, అటవీ హక్కుల చట్టం, 1996 పెసా చట్టం కలిపి ఒక పూర్తి పేపరు కావాలి.

వాళ్లు ఇస్తారా, ఇవ్వరా తర్వాత చూద్దాం. మన చేతిలో ఉన్న పని మనం మొదలుపెడదాం. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకొని మీ అవ్వతోనో తాతతోనో ఒక రోజు అడవికి పోండి. చెట్టు పేరు మన భాషలో రాయండి. ఎవరు చెప్పారో వాళ్ల పేరు కూడా రాయండి.

మా నాయన గొడ్డలిని ఒకప్పుడు అడవిలోనే గుంజుకున్నారు, జరిమానా కట్టించుకున్నారు. రేపు నాకు యూనిఫాం వస్తే నేనూ ఇంకొకరి నాయన గొడ్డలి గుంజుతానా? రాత్రిళ్లు హాస్టల్లో నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే.

ఆ తాత పేరు నేను అడగలేదు. వచ్చే ట్రైనింగ్‌కి ముందే ఆ గూడెం పోతాను. ఈసారి కోయలోనే అడుగుతాను.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్.